మన బడిలో ఫ్రెంచ్ సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఉద్యోగం రాకముందు హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో కొంత ఫ్రెంచ్ నేర్చుకున్నాను. ఆ ఇష్టంతోనే ఫ్రెంచ్ సినిమాలను బడిలోకి తెచ్చాను. మా హైస్కూలు పక్కనే ప్రైమరీ స్కూలు ఉంది, ఆ చిన్నపిల్లలు కూడా కొన్ని శనివారాలు మా గదికే వస్తారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో, ఫోన్లలో తోటి టీచర్లు, అప్పుడప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

తెలుగు సారుకు ఫ్రెంచ్ సినిమా ఎందుకు? తెలుగు సినిమా చూపిస్తే సరిపోదా?

తెలుగు సినిమా కూడా చూపిస్తాను. కానీ అది పెడితే పిల్లలు మాటలు వింటారు, బొమ్మ చూడరు. డైలాగు వాళ్ళకు ముందే నోటికి వచ్చి ఉంటుంది. అయిపోయాక అడిగితే కథ గడగడా అప్పజెప్తారు, అందులో వాళ్ళ సొంత మాట ఒక్కటీ ఉండదు.

ఫ్రెంచ్ సినిమాలో మాటల ఆసరా లేదు. ఆ అమ్మాయి ఎందుకు తల వంచుకుంది, ముసలాయన చేతిలో ఏముంది, తలుపు తీసింది ఎవరు, అంతా కళ్ళతో పట్టుకోవాల్సిందే. పట్టుకున్నది చెప్పాలంటే మళ్ళీ తెలుగే కావాలి. తెలుగు సారుగా నాకు కావలసింది అదే.

ఇంకో సంగతి. గదిలో ఎవరికీ రాని భాష కాబట్టి ముందు బెంచీ, వెనక బెంచీ తేడా పోతుంది. ఒకసారి ఎనిమిదో తరగతికి 1953లో ఆల్బేర్ లామోరిస్ తీసిన ‘క్రాఁ బ్లాఁ’ పెట్టాను. అంటే ‘తెల్ల జూలు’. దక్షిణ ఫ్రాన్స్‌లో కామార్గ్ అనే చిత్తడి నేలల్లో ఒక అడవి గుర్రానికీ, ఒక జాలరి పిల్లవాడికీ కుదిరిన స్నేహం కథ. నలభై నిమిషాల సినిమా. గుర్రాన్ని పట్టుకోబోయే చోట ఆపి, ఇప్పుడు ఏమవుతుందని అడిగాను. ఏడాదంతా నోరు తెరవని ఒక అబ్బాయి వెనక నుంచి, “చెవులు ఎనక్కి పెట్టింది సార్, ఇప్పుడు తంతది” అన్నాడు. బరాత్‌లకు గుర్రం తిప్పే ఇల్లు వాళ్ళది. గుర్రం చెవులను ఆ గదిలో ఇంకెవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు. ఆ రోజు గుర్రం కోపాన్ని ఎన్ని రకాలుగా చూపిస్తుందో వాడు చెబుతుంటే మేం బోర్డు మీద రాసుకున్నాం.

ఒక్క ముక్క అర్థం కాకపోతే పిల్లలు విసుక్కోరా?

మొదటి ఐదు నిమిషాలు నవ్వుతారు. ముక్కుతో మాట్లాడుతున్నారని వెక్కిరిస్తారు. నవ్వనివ్వండి, దానంతట అదే తగ్గుతుంది. ఆ తర్వాత గదిలో ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది. అది వచ్చిందంటే పిల్లలు చూస్తున్నట్టు.

మా బడికి తండాల నుంచి వచ్చే పిల్లలు చాలామంది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకం తెరిస్తే పక్క పేజీలో ఇంగ్లీషు. రాని భాష మధ్య కూర్చుని, మొహాలు చూసి, గొంతు విని అర్థం పోల్చుకోవడం వాళ్ళు ఒకటో తరగతి నుంచీ చేస్తున్న పనే. అందుకే ఫ్రెంచ్ సినిమా నడుస్తుంటే అందరికన్నా ముందు వాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వాళ్ళ వైపు తిరిగి “ఏమైంది, ఏమైంది” అని అడుగుతారు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా నేను ఈ పని మానను.

అయితే ఓపికకు హద్దుంది. చిన్నపిల్లలకు పది నిమిషాలు, ఆరు, ఏడు తరగతులకు అరగంట. అంతకు మించి ఒకే బిగిన పెట్టకండి.

ఏ తరగతికి ఏ సినిమా?

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సినిమా పుట్టిన చోట నుంచే మొదలుపెడతాను. లూమియేర్ అన్నదమ్ములు 1895లో తీసిన ఒక చిన్న బొమ్మ ఉంది, నిమిషం కూడా ఉండదు, మాటలు లేవు. తోటమాలి పైపుతో చెట్లకు నీళ్ళు పడుతుంటాడు. ఒక పిల్లగాడు వెనక నుంచి వచ్చి పైపును తొక్కుతాడు. నీళ్ళు ఆగిపోతాయి. తోటమాలి పైపు మూతి దగ్గర మొహం పెట్టి చూస్తాడు. పిల్లగాడు కాలు తీస్తాడు. అంతే. మూడుసార్లు పెట్టండి. మూడోసారి నీళ్ళు రాకముందే పిల్లలు నవ్వుతారు. ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అని వరసగా చెప్పడం నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో టికెట్టు పెట్టి ఆట మొదలుపెట్టిన ఈ అన్నదమ్ముల బొమ్మలు, 1896 జూలై 7 నాటికే బొంబాయిలో వాట్సన్ హోటల్‌కు చేరాయి. బొంబాయి మన పిల్లలకు కొత్త పేరు కాదు. పాలమూరులో, మా దేవరకొండ వైపు ఎంతమంది అమ్మానాన్నలు పనికి పోయి బతికిన ఊరది! ఆ మాట చెప్పగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

మూడు నుంచి ఐదు వరకు ‘లె బాలోఁ రూజ్’. మా పిల్లలు దీనికి ‘ఎర్ర బుగ్గ’ అని పేరు పెట్టారు, మా వైపు బుగ్గ అంటే బెలూన్. ఇది కూడా లామోరిస్‌దే, 1956లో వచ్చింది. ముప్పై నాలుగు నిమిషాలు. మాటలు దాదాపు లేవు, అయినా స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. ఇందులో పిల్లవాడిగా నటించింది దర్శకుడి సొంత కొడుకే. పారిస్‌లోని మెనిల్‌మొంతాఁ అనే పాత పేటలో ఒక పిల్లవాడికి దీపస్తంభానికి చిక్కుకున్న ఎర్ర బుగ్గ దొరుకుతుంది. అది వాడి వెంటే తిరుగుతుంది. బుగ్గతో బస్సు ఎక్కనివ్వరు. బడికి పోతే అక్కడా గొడవే. వాన పడుతుంటే పిల్లవాడు తను తడిసినా పర్వాలేదని, దారిన పోయేవాళ్ళ గొడుగుల కింద బుగ్గను నడిపిస్తాడు. ఆ చోట సినిమా ఆపండి. “నువ్వు దేన్ని తడవకుండా దాచావు?” అని ఒక్క ప్రశ్న అడగండి. మా దగ్గర వచ్చిన జవాబులు: కోడిపిల్ల, కొత్త పుస్తకం, తమ్ముడు, రేషన్ బియ్యం సంచి. చివరలో అల్లరి పిల్లలు గులేర్లతో బుగ్గను కొడతారు. గులేరు మన పిల్లలకు బాగా తెలిసిన వస్తువు కాబట్టి అక్కడ వాళ్ళకు బాధ ఎక్కువ. ఎప్పుడూ పిట్టలను కొట్టే ఒకడు ఆ రోజు ఏం మాట్లాడకుండా ఇంటికి పోయాడు.

నాలుగు నుంచి ఆరు వరకు ‘కిరికూ’. మిషెల్ ఓసెలో 1998లో తీసిన యానిమేషన్ సినిమా. ఆయన చిన్నతనం పశ్చిమాఫ్రికాలోని గినీలో గడిచింది, కథ కూడా ఆ వైపుదే. సంగీతం సెనెగల్ గాయకుడు యూసూ న్దూర్‌ది. అరచేతిలో పట్టేంత పిల్లవాడు కిరికూ. పుట్టగానే నడుస్తాడు, మాట్లాడతాడు. వాళ్ళ ఊరి ఊట ఎండిపోయింది, అందుకు కరబా అనే మంత్రగత్తె కారణమని ఊరంతా నమ్ముతుంది. అందరూ ఆమెకు భయపడుతుంటే, వీడు మాత్రం “కరబా ఎందుకు చెడ్డది అయింది?” అని కనబడ్డవాళ్ళనల్లా అడుగుతాడు. నీళ్ళ కథను మన పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళ కష్టం ఇంటింటికీ తెలుసు. పాలమూరులో నీళ్ళు లేకనే జనం వలస పోయారు. సినిమా అయ్యాక ‘మా ఊరి బావి’ అని రాయమంటే ఆరో తరగతి పిల్లలు రెండేసి పేజీలు రాశారు. తాతలను, అవ్వలను అడిగి రాశారు.

ఆరు, ఏడు తరగతులకు పైన చెప్పిన గుర్రం సినిమా బాగుంటుంది. మెలియెస్ 1902లో తీసిన, చంద్రుడి మీదికి ప్రయాణం సినిమా సైన్స్ టీచర్‌కు ఇవ్వండి. తుపాకీ గుండులా చంద్రుడి కంట్లో దిగే ఆ వాహనాన్నీ, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన వీడియోనూ పక్కపక్కన చూపిస్తే ఒక పీరియడ్ చాలదు. 2013లో పాస్కల్ ప్లిసోఁ తీసిన డాక్యుమెంటరీ ఒకటి ఉంది. కెన్యా, మొరాకో, అర్జెంటీనా, మన దేశం, ఈ నాలుగు చోట్ల పిల్లలు బడికి పోయే దారి చూపిస్తుంది. బంగాళాఖాతం ఒడ్డున ఒక అబ్బాయిని ఇద్దరు తమ్ముళ్ళు పాత చక్రాల కుర్చీలో నాలుగు కిలోమీటర్లు తోసుకుంటూ తీసుకుపోతారు. పిల్లలు ఎవరి భాష వాళ్ళు మాట్లాడతారు, కాబట్టి ఫ్రెంచ్ వినిపించడానికి ఇది పనికిరాదు. దారి గురించి మాట్లాడించడానికి మాత్రం దీనికి సాటి లేదు.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు, ముఖ్యంగా హాస్టల్ పిల్లలకు, 2004లో వచ్చిన ‘లే కోరిస్త్’. 1949లో ఒక హాస్టల్ బడి. కొట్టడం, గదిలో వేసి తాళం పెట్టడం తప్ప మరో పద్ధతి తెలియని హెడ్మాస్టర్. అక్కడికి వచ్చిన ఒక మామూలు సూపర్‌వైజర్ పిల్లలతో పాటలు పాడిస్తాడు. అందరికన్నా చిన్నవాడు ఒకడు శనివారం నాన్న వస్తాడని గేటు దగ్గర నిలబడతాడు. ఆ నాన్న యుద్ధంలో పోయాడు. ఆదివారం కోసం గేటు వైపు చూసే మన గురుకులం పిల్లలకు ఈ సీన్ చూపించే ముందు ఆలోచించండి. ఏ పిల్లకు అమ్మానాన్న లేరో మీకు తెలిసి ఉండాలి. చూపించాక వెంటనే బెల్లు కొట్టి పంపేయకూడదు.

పదో తరగతికి లూయి మాల్ 1987లో తీసిన ‘ఓ రెవ్వార్ లేజాఁఫాఁ’, అంటే ‘పిల్లలూ, వెళ్ళొస్తా’. సోషల్‌లో ప్రపంచ యుద్ధాల పాఠం అయ్యాక పెట్టండి. 1944 చలికాలం. ఒక క్రైస్తవ బడిలో యూదు పిల్లలను దొంగపేర్లతో దాచి ఉంచారు. నాజీ పోలీసు క్లాసులోకి వచ్చి ఒక పేరు చదువుతాడు. హీరో పిల్లవాడు తనకు తెలియకుండానే స్నేహితుడి వైపు ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపుతో అంతా అయిపోతుంది. మాల్ తన సొంత చిన్నతనంలో జరిగిన దాన్నే నలభై ఏళ్ళు దాటాక సినిమా తీశాడు. గెట్టోలు, అంటే యూదులను మూసిపెట్టిన పేటలు, క్యాంపుల లెక్కలు పాఠంలో చదివి మర్చిపోయే పిల్లలకు ఆ ఒక్క చూపు గుర్తుంటుంది. ఇదే సినిమాలో బడి పిల్లలు, సార్లు అంతా కలిసి చాప్లిన్ సినిమా చూసే సీన్ ఒకటి ఉంది, దాచిపెట్టిన పిల్లలు కూడా అందరితో కలిసి నవ్వుతారు. ఆ మొహాలను వదలకండి.

కిరికూలో బట్టల్లేకుండా ఉంటారని విన్నాం. ఇబ్బంది కాదా?

నాకు అయింది. అందులో కిరికూకు బట్టలుండవు, ఆడవాళ్ళు పైన బట్ట లేకుండా తిరుగుతారు. అక్కడి పాత పల్లె జీవితం అది. విదేశాల్లో కొందరు బట్టలు గీయమని అడిగితే ఓసెలో ఒప్పుకోలేదు. ఇదంతా నాకు తెలిసి కూడా మొదటిసారి ముందు చెప్పకుండా పెట్టాను. మర్నాడు ఒక అమ్మాయి వాళ్ళ నాన్న బడికి వచ్చి, “ఆడపిల్లలకు ఇవేం బొమ్మలు సార్?” అని కోపంగా అడిగాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది, ముందు చెప్పకపోవడం నా తప్పు. కూర్చోబెట్టి పది నిమిషాలు చూపించాను. కొంచెంసేపు చూసి, “మా నాయనమ్మ కాలంల మా దిక్కు గూడ రైకలు ఎవరేసిన్రు” అన్నాడు. ఆయన మిగతాది కూడా చూసే పోయాడు. ఇప్పుడు సినిమాకు ముందే పేరెంట్స్ మీటింగులో చెబుతాను, పిల్లలకూ రెండు మాటలు చెబుతాను. ఒప్పుకోని ఇంటి పిల్లలకు ఆ గంట వేరే పని ఇస్తాను.

సబ్‌టైటిల్స్ ఎలా? ఇంగ్లీషువే దొరుకుతున్నాయి.

ఏడో తరగతి వరకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తీసేయండి. పిల్లలు అక్షరాలు కూడబలుక్కునేలోపు సీను పోతుంది, అటు బొమ్మా ఉండదు, ఇటు మాటా ఉండదు. అవసరమైన చోట ఆపి మీరే తెలుగులో చెప్పండి. ఒగ్గుకథ చెప్పేవాళ్ళు చూడండి, పాట ఆపి మాట, మాట ఆపి పాట. అలా చెబితే పిల్లలకు హాయిగా ఉంటుంది.

తొమ్మిది, పది తరగతుల వాళ్ళతో తెలుగు సబ్‌టైటిల్స్ రాయించాను. కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ చాలు. వరస నంబరు, కింద మాట మొదలయ్యే టైము, అయిపోయే టైము, ఆ కింద తెలుగు మాట. ఫైలు దాచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. సినిమాలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమాతో పాటు అది నడుస్తుంది. రెండు లైన్లకు మించకూడదు, లైనుకు నాలుగైదు మాటలే. ఈ నియమం ఉంది కాబట్టే పిల్లలు మాటకు మాట కొలుస్తారు. తల్లి కొడుకును తిట్టే ఒక చిన్న మాటకు “మొద్దు”, “సన్నాసి”, “ఏబ్రాసి” అని మూడు పెట్టి అరగంట వాదించుకున్నారు. వ్యాకరణం పీరియడ్‌లో అంత వాదన నేను ఎన్నడూ చూడలేదు.

సినిమా చూస్తే ఫ్రెంచ్ వస్తుందా?

రాదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పండి. భాష రావాలంటే క్లాసు కావాలి, అభ్యాసం కావాలి. ఆసక్తి ఉన్నవాళ్ళకు హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, పిల్లల వయసుకు తగిన డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలు ఉన్నాయి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునే వీలుంది.

సినిమాతో వచ్చేది చెవి. ఆ చెవికి మన పిల్లలు ముందే సగం తయారుగా ఉన్నారు. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులు చెప్పాలంటే ఇంగ్లీషులో దారి లేదు, మనకు అరసున్న ఉంది. పాత పద్యాల్లో చూసి “ఇదెందుకు సార్” అని అడిగే ఆ అరసున్న ఇక్కడ పనికొస్తుంది. గొంతులోంచి వచ్చే వాళ్ళ ‘ర’ కారం మహబూబ్‌నగర్ ఉర్దూ పిల్లలకు సులువు. ‘గరీబ్’, ‘బాగ్’ అన్నప్పుడు ఉర్దూలో పలికే ‘గ’ దానికి చాలా దగ్గర. ‘అమీ’ అంటే స్నేహితుడు, ‘లే’ బహువచనానికి ముందు వచ్చే మాట. రెండూ కలిస్తే మధ్యలో ఒక ‘జ’ వచ్చి ‘లేజామీ’ అవుతుంది. ఇది చెప్పగానే తొమ్మిదో తరగతి అమ్మాయి “మా అమ్మ మాయమ్మ అయినట్టే కదా సార్, యడాగమం” అంది. ఇక ‘తు’, ‘వూ’ అంటే నువ్వు, మీరు. ఇంగ్లీషు ‘యూ’తో అవస్థ పడే పిల్లలకు ఇది ఇంటి సంగతి. ఎవరు ఎవరిని ‘తు’ అంటున్నారో లెక్కపెట్టమంటే, సినిమాలో ఎవరు పెద్దో, ఎవరు దగ్గరో వాళ్ళే చెప్పేస్తారు.

ఫ్రెంచ్‌వాళ్ళతో మనకేం సంబంధం అని ఊళ్ళో అడిగితే?

నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటాక మూసారాంబాగ్ వస్తుంది. ఆ మూసారాం ఎవరో కాదు, నిజాం అలీఖాన్ సైన్యాన్ని నడిపిన ఫ్రెంచ్ దళపతి రేమోఁ. 1798లో చనిపోయాడు, సమాధి ఆ దగ్గర్లోనే ఉంది. ‘ముస్యే రేమోఁ’ జనం నోట్లో ‘మూసారాం’ అయింది. తెలుగు మాట్లాడే యానాం 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ళ చేతిలో ఉంది. ఈ రెండూ చెబితే చాలు.

బడిలో సినిమా వేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బడి పనిలో భాగంగా టీచర్లు, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడితో సంబంధం ఉన్నవాళ్ళ వరకే సినిమా చూపిస్తే అది ఉల్లంఘన కాదు. ఊరందరినీ పిలిచి వేస్తే లెక్క మారుతుంది. ఓటీటీ వాళ్ళ షరతులు వేరుగా ఉంటాయి, అవి చదువుకోండి. డీవీడీ కొనుక్కోవడం మేలు.

సిలబస్ వెనకబడదా?

నెలకు ఒక సినిమా చాలు. నో బ్యాగ్ డే ఉన్న శనివారం పెట్టుకుంటే ఎవరి పీరియడ్ పోదు. ఫ్రాన్స్‌లో 1989 నుంచి హైస్కూలు చిన్న తరగతులకు, 1994 నుంచి ప్రైమరీ పిల్లలకు, బడి టైములోనే థియేటర్‌కు తీసుకుపోయి ఏడాదికి మూడు సినిమాలు చూపించే కార్యక్రమాలు నడుస్తున్నాయి. ఏడాదికి మూడే. అందుకే అవి పిల్లలకు గుర్తుంటాయి.

ఏవి చూపించకూడదు?

ముందు మీరు మొత్తం చూడని సినిమా ఏదీ వద్దు. 2011లో కెనడా నుంచి వచ్చిన ‘మొస్యే లాజర్’ గొప్ప సినిమా, కానీ క్లాసులో ఉరివేసుకున్న టీచరుతో మొదలవుతుంది. అది పిల్లలకు కాదు, మనకు. త్రూఫో 1959లో తీసిన ‘లే కాత్ర్ సాఁ కూ’ కూడా అంతే, ఇంటర్ పిల్లల దాకా ఆగండి. 2002లో వచ్చిన ‘ఎత్ర్ ఎ అవ్వార్’ అనే డాక్యుమెంటరీ మాత్రం టీచర్లందరూ చూడాలి. ఫ్రాన్స్‌లో ఒక కొండప్రాంతపు ఊళ్ళో ఒకే గది, ఒకే సారు, నాలుగేళ్ళ పాప నుంచి పదేళ్ళు దాటిన పిల్లల దాకా అందరూ అందులోనే. మన సింగిల్ టీచర్ బడుల్లో పనిచేసినవాళ్ళకు ఆ గది కొత్తగా ఉండదు. ఒకరికి లెక్క చెబుతూ ఇంకొకరి పెన్సిలు చెక్కే ఓపిక ఏమిటో వాళ్ళకు తెలుసు.

మధ్యలో కరెంటు పోతే?

చిన్న ఇన్వర్టరు ఉంటే మంచిది, లేకపోతే లాప్‌టాప్ చార్జింగ్ నింపి ఉంచుకుని, దానికి బ్యాటరీ స్పీకరు తగిలించండి. పిల్లలను దగ్గరగా కూర్చోబెడితే ఇరవై, ఇరవై ఐదు మంది చూడగలరు.

ఏదీ లేనప్పుడు కథను పిల్లలకు వదిలేయండి. కిరికూ నేల కింద సొరంగం తవ్వుకుంటూ కొండలో ఉన్న తాత దగ్గరికి పోతున్న చోట మాకు కరెంటు పోయింది. తాత ఏం చెప్పి ఉంటాడని అడిగాను. ఐదో తరగతి తండా పాప ఒకతి లేచి లంబాడీలో చెప్పడం మొదలుపెట్టింది, పక్కనున్న పిల్ల ఒక్కో మాటా తెలుగులోకి మార్చింది. కరబాకు ముల్లు గుచ్చుకుని ఉంటుంది, నొప్పికి అరుస్తుంటే అందరూ తిడుతోందనుకున్నారు, అని చెప్పింది. సినిమాలో నిజంగానే కరబా వీపులో విషపు ముల్లు ఉంటుంది. ఆ పాప ఆ సినిమా అంతకుముందు చూడలేదు. ముల్లు సంగతి ఎలా తెలిసిందని అడిగితే, “ఆమె వెల్లకిల పడుకోదు కదా సార్” అంది. మిగతా సినిమా సోమవారం చూశాం.